తాతలనాటి వస్తువునకు నేటి వెల



ఉద్యోగరీత్యా స్వస్థలమును విడిచి ఢిల్లీకో, కలకత్తాకో, నాగపూరునకో చేరిన తెలుగు కుటుంబముల సామానులో తాతలనాటి వస్తువొకటి తరచుగా కనిపించును. తాతగారి చావడిలో వ్రేలాడిన రవివర్మ పటము కావచ్చును. పూజామందిరములోని కంచు విగ్రహము కావచ్చును. తాటాకు గ్రంథముల కట్ట కావచ్చును. బిదిరీ పనితనపు తాంబూలపు పెట్టె కావచ్చును. బదిలీ అయినప్పుడెల్ల అది పాత చీరల మడతల నడుమ ట్రంకుపెట్టెలో ప్రయాణము చేయును. క్రొత్త క్వార్టరులో మరల గోడనెక్కును. ఇన్ని సంవత్సరములలో దాని వెల యెంతయని అడిగినవారుండరు.

ఆ ప్రశ్న సాధారణముగా మూడు సమయములందు పుట్టును. పెద్దలు గతించి ఆస్తి పంచుకొనునప్పుడు ఒకటి. అగ్నిప్రమాదమో దొంగతనమో జరిగి భీమా సంస్థకు వ్రాయవలసివచ్చినప్పుడు రెండవది. వస్తువును అమ్మి ఆదాయపు పన్ను లెక్క చూపవలసినప్పుడు మూడవది. ఈ మూడు సమయములందును మనస్సునకు నెమ్మది యుండదు, వ్యవధియు ఉండదు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు అప్పుడు కాగితములకై వెదకుట ఆరంభమగును. వస్తువు పదిలముగా నున్నప్పుడే, దాని చరిత్ర నెరిగిన పెద్దలు జీవించియున్నప్పుడే, నిపుణునిచే మదింపు చేయించి వ్రాసియుంచుకొనవలెననునదే ఈ ప్రసంగమునకు సారము.

ఒక కుటుంబమును ఉదాహరణముగా ఊహింపవచ్చును. తండ్రి కేంద్ర ప్రభుత్వమున పనిచేసి, విశ్రాంతి పొంది, ఢిల్లీలోనే కాలధర్మము చెందినాడు. పెద్దకుమారుడు ఢిల్లీలోను, కుమార్తె విశాఖపట్టణములోను, చిన్నకుమారుడు అమెరికాలోను ఉన్నారు. ఇంటిలో నాలుగు వస్తువులు మిగిలినవి: రవివర్మ లక్ష్మీదేవి పటము, కంచు వేణుగోపాలస్వామి విగ్రహము, తాటాకు కట్ట, తండ్రి 1985లో ఒక చిత్రకారునివద్ద అయిదువేల రూపాయలకు కొన్న తైలవర్ణచిత్రము. పాత సామానులు కొను వర్తకుడు వచ్చి పటమునకు కొద్దిపాటి వెల చెప్పి, విగ్రహమును తూకమున కొందునన్నాడు. పెద్దకుమారుడు ఆ మాట తమ్మునికి వ్రాసినాడు. రవివర్మ చిత్రములు కోట్లకు అమ్ముడగుచున్నవని వార్తలలో చదివిన తమ్ముడు, "అన్నయ్యా, ఇంత తక్కువ వెల ఎవరు చెప్పినారు?" అని అడిగినాడు. ఆ ప్రశ్నలోని అనుమానము అన్నకు గుచ్చుకొన్నది. నడుమ చెల్లెలు ఇరువురికిని సమాధానము చెప్పలేక మౌనము వహించినది. వస్తువుల వెల తెలియక మనుష్యుల నడుమ మాటలు నిలిచిపోయినవి. ఇట్టి గృహములు లోకమున కొల్లలుగ కలవు.

ఈ ముగ్గురిలో ఎవరియందును దురాశ లేదు. లేనిది ఒక్కటే: ముగ్గురును నమ్మదగిన మూడవ మనిషి మాట. మదింపుదారుని పని అచ్చట ఆరంభమగును.

మదింపు అనగా వస్తువును చేతపట్టి ఒక అంకె చెప్పుట కాదు. మొదట అది ఏమిటో తేల్చవలెను. పిదప ఎవరు చేసినారు, ఎప్పుడు చేసినారు, ఏ పదార్థముతో చేసినారు, కొలతలెంత, ఇప్పటి స్థితి యెట్లున్నది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది అను విషయములను నిర్ధారింపవలెను. అటుపిమ్మట అట్టి వస్తువులు బహిరంగ విపణిలో ఏ వెలకు అమ్ముడైనవో పోల్చి చూడవలెను. అన్నిటికంటె చివర వచ్చునది అంకె.

రవివర్మ పటమునే తీసికొన్నచో ఈ క్రమము యొక్క అవసరము తెలియును. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించి తన చిత్రములను రంగురంగుల ముద్రలుగా దేశమునకు అందించినాడు. 1906లో ఆయన మరణించిన పిదప కూడ ఆ ముద్రణాలయము పేరిట పటములు వెలువడినవి. వానిని ఓలియోగ్రాఫులందురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతి అచ్చును వాడి, తైలవర్ణచిత్రమువలె తోచునట్లు పైన మెరుగు పూసెడివారు. భూతద్దముతో చూచినచో కుంచె గీతలకు బదులు అచ్చు చుక్కలు కనిపించును. క్రింది అంచున ముద్రణాలయపు పేరు ఉండవచ్చును. కావున ఇంటిలోని "రవివర్మ" సామాన్యముగా రవివర్మ చేతితో వ్రాసినది కాదు. అట్లని అది వెలలేనిదియు కాదు. తొలికాలపు ముద్రలను, బట్టతోను జరీతోను అలంకరించిన ముద్రలను కోరి సేకరించువారు కలరు. అయితే పటము చట్రములో ఇముడుటకై అంచును కత్తిరించినచో ముద్రణాలయపు పేరుతోపాటు వెలలో కొంతభాగము కూడ పోవును.

వస్తువు ఏదియో తేలిన పిదప వెల ప్రశ్న వచ్చును. ఇచ్చట పలువురు పొరపడుదురు. ఒక వస్తువునకు ఒకే వెల యుండునని వారి భావము. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యని తెలుగువారి సామెత. మదింపు శాస్త్రములోని మొదటి పాఠము ఆ సామెతలోనే యున్నది. వర్తకుడు కొని మరల అమ్ముటకై ఇచ్చు వెల ఒకటి. తొందరలేని కొనుగోలుదారుడు, తొందరలేని అమ్మకందారుడు, ఇరువురును విషయమెరిగినవారై, బహిరంగ విపణిలో కుదుర్చుకొను వెల మరియొకటి. వస్తువు నష్టమైనచో అట్టిదానినే దుకాణములో నేడు కొనవలెనన్న అగు ఖర్చు ఇంకొకటి. సాధారణముగా పన్ను లెక్కకు రెండవది ఆధారము. భీమాకు మూడవది ఆధారము. కావున ఒకే విగ్రహమునకు రెండు నివేదికలలో రెండు అంకెలున్నచో అది మోసము కాదు. ఒక పనికై వ్రాయించిన నివేదికను మరియొక పనికి చూపుటయే దోషము. ఏ ప్రయోజనమునకై, ఏ తేదీనాటి వెలను, ఏ ఆధారములపై కట్టినారో మొదటి పుటలోనే చెప్పని నివేదిక ఉపయోగపడదు.

తేదీకి ఇంత ప్రాముఖ్యమేలయన్నచో ఒక్క నిదర్శనము చాలును. ఎం. ఎఫ్. హుస్సేను 1954లో చిత్రించిన "గ్రామయాత్ర"ను, సుమారు పదునాలుగు అడుగుల పొడవు గలదానిని, నార్వేలో స్థిరపడిన వైద్యుడొకడు ఆ సంవత్సరమే ఢిల్లీలో కొన్నాడు. అది పిదప ఓస్లో నగరపు ఆసుపత్రికి చేరి దశాబ్దములపాటు అచ్చటి గోడపై నుండెను. 2025 మార్చిలో న్యూయార్కులో వేలమునకు వచ్చినప్పుడు నిపుణుల అంచనా 25 లక్షలనుండి 35 లక్షల డాలర్ల వరకు మాత్రమే. అమ్ముడైన వెల సుమారు 1 కోటి 37 లక్షల డాలర్లు. నిపుణులు తెలియనివారు కారు. వెల యనునది ఆ దినమునాటి అభిప్రాయమని దీనివలన గ్రహింపవలెను. పది సంవత్సరముల క్రిందటి నివేదికను పెట్టెలో దాచి నిశ్చింతగా నుండరాదు. కొన్ని సంవత్సరములకొకసారి తిరిగి చూపించుకొనవలెను.

ఇక పన్ను విషయము. ఒకప్పుడు ఈ దేశమున 1953 నాటి ఎస్టేటు డ్యూటీ చట్టము, 1957 నాటి సంపద పన్ను చట్టము, 1958 నాటి దానపు పన్ను చట్టము అమలులో నుండెడివి. ఎస్టేటు డ్యూటీ 1985లోను, దానపు పన్ను 1998లోను తొలగిపోయినవి. సంపద పన్నును 2015 ఫైనాన్సు చట్టము రద్దుచేసినది. కావున ఇంటిలో కళాఖండమున్నందులకే, వారసత్వముగా వచ్చినందులకే పన్ను లేదు. అమ్మినప్పుడు వచ్చిన లాభముపై మాత్రము పన్ను కలదు. పూర్వము సొంత వాడుక వస్తువులను మూలధన ఆస్తిగా లెక్కింపనందున కుటుంబములోని చిత్రములకును ఆ మినహాయింపు దొరకెడిది. 2007 ఫైనాన్సు చట్టము పురావస్తు సేకరణలను, రేఖాచిత్రములను, వర్ణచిత్రములను, శిల్పములను, ఇతర కళాఖండములను ఆ మినహాయింపునుండి తొలగించినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025లో పార్లమెంటు నూతన చట్టమును చేసి, 2026 ఏప్రిల్ 1ని దాని అమలునకు తేదీగా నిర్ణయించినది. సెక్షనుల సంఖ్యలు మారినవి గావున పాత పుస్తకములను పట్టుకొని ఫారములు నింపరాదు.

ఊహించిన కుటుంబములోని తైలవర్ణచిత్రము పది లక్షల రూపాయలకు అమ్ముడైనదనుకొన్నచో లెక్క ఇట్లుండును. వారసునికి వచ్చిన ఆస్తికి తండ్రి కొన్న వెలయే మూలవెల. అయితే 2001 ఏప్రిల్ 1కి పూర్వము కొన్నదైనచో ఆనాటి విపణి వెలను మూలవెలగా గ్రహించు హక్కు కలదు. 24 నెలలకు మించి యుంచుకొన్న ఇట్టి ఆస్తిని 2024 జూలై 23నాడు గాని పిదప గాని అమ్మినచో లాభముపై పన్ను 12.5 శాతము, ధరల సూచిక ననుసరించి మూలవెలను పెంచుకొను పాత సదుపాయము వీనికి లేదు. తండ్రి ఇచ్చిన అయిదువేలే మూలవెలయైనచో లాభము 9,95,000 రూపాయలు. పన్ను 1,24,375 రూపాయలు. 2001 ఏప్రిల్ 1 నాటి వెల రెండు లక్షలని నిపుణుడు ఆధారములతో నిరూపించినచో లాభము ఎనిమిది లక్షలు. పన్ను లక్ష రూపాయలు. సర్‌చార్జి, సెస్సు దీనికి వేరు. ఈ 24,375 రూపాయల భేదము న్యాయసమ్మతమైనది. అయితే కాగితము లేనిదే నిలువదు. ఆదాయపు పన్ను అధికారి సంశయించినచో విషయమును శాఖాపరమైన వాల్యుయేషను అధికారికి పంపవచ్చును. కావున అంకె పెంచి వ్రాయించుటవలన లాభములేదు. నిజమైన అంకెకు నిజమైన ఆధారములు కూర్చుటవలననే లాభము.

బంధువులు కానివారినుండి మూల్యము లేకుండ వచ్చిన వస్తువుల విపణి వెల మొత్తము సంవత్సరములో యాబదివేల రూపాయలు మించినచో అది పుచ్చుకొన్నవాని ఆదాయమగును. చట్టము పేర్కొన్న బంధువులనుండి వచ్చినదియు, వివాహసందర్భమున వధూవరులకు వచ్చినదియు, వీలునామావలన గాని వారసత్వమువలన గాని సంక్రమించినదియు అట్లు లెక్కకు రాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి మరియొక బాధ్యత కలదు. 1964 నాటి ప్రవర్తన నియమావళిలోని 18వ నియమము ప్రకారము, ఉద్యోగి గాని, ఆయన కుటుంబసభ్యుని పేర గాని జరిపిన చరాస్తి లావాదేవీ వెల రెండు నెలల మూలవేతనమును మించినచో నెలలోపల శాఖకు తెలియజేయవలెను. ఉద్యోగమున ప్రవేశించునప్పుడు ఇచ్చు ఆస్తిపట్టికలో వారసత్వముగా వచ్చిన చరాస్తిని కూడ చూపవలెను. గోడమీది పటము వెల తెలియని ఉద్యోగి ఈ నియమమును తెలియకయే అతిక్రమింపగలడు.

మదింపు ఎవరిచే చేయింపవలెను? సంపద పన్ను చట్టము క్రింద ఏర్పడిన రిజిస్టర్డు వాల్యూయరు పద్ధతి ఆ పన్ను పోయిన పిదప కూడ ఆదాయపు పన్ను పనులకు నిలిచినది. భవనములకు, నగలకు, కళాఖండములకు వేరువేరు వర్గములు కలవు. భవనముల వాల్యూయరుచే విగ్రహమునకు వెల కట్టించుట కంటివైద్యునిచే పన్ను పీకించుకొనుటవంటిది. నిపుణుని రిజిస్ట్రేషను ఏ వర్గమునకు చెందినదో మొదటనే చూడవలెను. అన్నిటికంటె ముఖ్యము, వెల కట్టువాడు కొనువాడు కాకూడదు. తానే వెల చెప్పి తానే కొందునను వర్తకుని మాట బేరమే గాని మదింపు కాదు.

భీమా విషయమున మూలసూత్రము నష్టపరిహారము. నష్టపోయినంతకే పరిహారము, అంతకు మించి లాభము లేదు. సామాన్యమైన అగ్నిభీమా పాలసీలలో తక్కువ మొత్తమునకు భీమా చేసినచో పరిహారమును ఆ నిష్పత్తిలోనే తగ్గింతురు. పది లక్షల వస్తువులకు నాలుగు లక్షల భీమా తీసికొన్నవానికి అయిదు లక్షల నష్టము కలిగినచో చేతికి వచ్చునది రెండు లక్షలు మాత్రమే. 2021 ఏప్రిల్ 1 నుండి ప్రవేశపెట్టిన "భారత్ గృహరక్ష" పాలసీ గృహస్థులను ఈ కోతనుండి తప్పించినది. అందులో నగలు, చిత్రములు, కళాఖండములు, పురాతన వస్తువులు మొదలగువానికి, ముందుగానే ఒప్పుకొన్న వెలపై, ప్రత్యేకముగా కోరి తీసికొను రక్షణ కలదు. దానికి వెల ధ్రువపత్రము అవసరము. స్వల్పమొత్తములకు సడలింపు కలదు. కోరనివానికి ఆ రక్షణ రాదు. వ్రాతప్రతులు, రేఖాచిత్రములు, నాణెములు పాలసీలో స్పష్టముగా వ్రాయించుకొననిచో భీమాలో చేరవు. తాటాకు కట్ట ఇంటి సామానులోనిదే కదాయని ఊరకుండుట పొరపాటు. బదిలీ ప్రయాణములో కలుగు నష్టమునకు గృహభీమా వర్తించునో లేదో పాలసీలో చదివి, అవసరమైనచో రవాణా భీమా వేరుగా తీసికొనవలెను. భీమా సంస్థలను నియంత్రించు జాతీయ సంస్థకు ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే యున్నది.

వెలకంటె ముందు తెలిసికొనవలసిన చట్టమొకటి కలదు. అది 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము. 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోనికి వచ్చినది. నూరు సంవత్సరములు నిండిన శిల్పము, చిత్రము, కళాఖండము ఆ చట్టమున పురావస్తువు. శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ గల వ్రాతప్రతికి డెబ్బదియైదు సంవత్సరములు చాలును. శిలాలోహాది శిల్పములు, వర్ణచిత్రములు, సచిత్ర వ్రాతప్రతులు మొదలైన ప్రకటిత వర్గములకు చెందిన పురావస్తువులను రిజిస్టరు చేయింపవలెను. చేతులు మారినప్పుడు తెలియజేయవలెను. వ్యక్తులు వానిని విదేశములకు తీసికొనిపోరాదు. అతిక్రమించినవారికి ఆరునెలలకు తగ్గకుండ మూడేండ్లవరకు కారాగారశిక్ష కలదు. రవివర్మ, అమృతా షేర్గిల్, నందలాల్ బోసు, జామినీరాయి మొదలైన తొమ్మండుగురు చిత్రకారుల కృతులు కళానిధులుగా ప్రకటింపబడినందున, నూరేండ్లు నిండకున్నను దేశము దాటరాదు. పూజావిగ్రహమను కారణముచేత మినహాయింపు లేదు.

కాగితము బలమెంతటిదో ప్రకాశం జిల్లా చందవరపు కథ చెప్పును. అచ్చటి బౌద్ధస్థలమునుండి అపహృతమైన సున్నపురాతి శిల్పమొకటి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరినది. 2005లో ఆ సంస్థ దానిని కొన్నది. ఆ శిల్పము పూర్వము చందవరములోనే యుండెనని ఛాయాచిత్రములు నిరూపించుటచే 2016లో భారతదేశమునకు తిరిగి వచ్చినది. ఎప్పుడో తీసిన ఫొటో వేయి మాటల ఫిర్యాదు చేయలేని పనిని చేసినది. ఇంటి వస్తువునకైనను అదే న్యాయము. ముందు, వెనుక, ప్రక్కల ఫొటోలు, కొలతలు, బరువు, చీలికలు, అతుకులు, చెక్కిన అక్షరములు, కొన్న రసీదు, పెద్దలు చెప్పిన వృత్తాంతము ఒక పుస్తకములో వ్రాసి, దాని ప్రతిని వేరొక ఇంట ఉంచవలెను. ఇల్లు కాలినప్పుడు ఇంటిలోని పుస్తకము కూడ కాలును.

మొదట ఊహించిన కుటుంబము చివరకు కళాఖండముల వర్గమున రిజిస్టరైన నిపుణుని పిలిపించినదనుకొనవచ్చును. పటము ముద్రయని తేలినది. తమ్ముని అనుమానము తొలగినది. విగ్రహము నూరేండ్లు దాటినదని, తూకపు వెలకు ఎన్నోరెట్లు విలువైనదని, దేశము దాటరాదని తెలిసినది. అది రిజిస్టరై చెల్లెలి పూజామందిరమునకు చేరినది. 1985లో కొన్న చిత్రము పురావస్తువు కాదు; ప్రకటిత చిత్రకారుల కృతియు కాదు; తమ్ముడు దానిని కోరినాడు. పటము అన్నగారి గోడమీదనే నిలిచినది. భాగములలోని హెచ్చుతగ్గులను నివేదికలోని అంకెల ప్రకారము రొక్కముతో సరిచేసికొన్నారు. తాటాకు కట్టకు ప్రతులు తీయించి, వ్రాతప్రతుల భాండాగారమునకు ముగ్గురును ఏకాభిప్రాయముతో సమర్పించినారు.

ఆ కట్టలో చివరి ఆకుపై ముత్తాతగారు తన పేరును, గ్రామమును వ్రాసికొన్నారు. నిపుణుని నివేదికలో దానికి ప్రత్యేకమైన వెల లేదు; ఉండదు. మమకారమునకు వెల కట్టు పని నిపుణునిది కాదు. వెల తెలియకపోవుటచేత మమకారము చెడకుండ కాపాడుటకే ఆ నివేదిక ఉపకరించినది. మూడిండ్ల నడుమ మరల ఉత్తరములు, మాటలు నడచినవి.

ఆదివారమునాడు ఒక్క పూట చాలును. ఇంటిలోని పాత వస్తువును గోడనుండి దింపి, తుడిచి, వెనుకభాగము చూచి, కొలిచి, ఫొటో తీయవలెను. పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టి, "నాన్నగారూ, ఇది ఎచ్చటినుండి వచ్చినది?" అని అడిగి వ్రాసికొనవలెను. నిపుణుడు తరువాతనైనను రాగలడు. ఆ సమాధానము చెప్పగలవారు మాత్రము ఎల్లకాలము ఉండరు.

స్వస్తి.